పంచాయతనం సెట్ కొనేవాళ్లకి: నల్లకుంట పూజా సామాన్ల కొట్టు రివ్యూ

నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు కోశానో కింద చెప్తా.

మా ఇలవేల్పు యాదగిరి నరసింహస్వామి. అలాగని ఆషాఢంలో అమ్మవారికి బోనం మానేది లేదు, ఏ పని మొదలుపెట్టినా ముందు వినాయకుడే. పటాలు పెరిగిపోయి పూజ అరలో దీపం పెట్టడానికి కూడా చోటు లేకపోతే, పంచాయతనం, అంటే విష్ణువు, శివుడు, అమ్మవారు, సూర్యుడు, వినాయకుడు ఐదుగురినీ రాళ్ల రూపంలో ఒకే పళ్లెంలో, ఒకరిని మధ్యలో పెట్టి కొలిచే పద్ధతి, పెట్టుకుందామంది అమ్మ. ఆన్‌లైన్‌లో చూసిన సెట్లో పళ్లెం మీద పేర్లు ముందే చెక్కేసి ఉన్నాయి, మధ్యలో శివుడు. మరి విష్ణువుని ప్రధానంగా కొలిచేవాళ్లు ఏం చేయాలి?

ఈ కొట్టాయన ధర కంటే ముందు అడిగింది అదే: "మధ్యలో ఎవరుండాలమ్మా?" అమ్మ విష్ణువు అనగానే గండకీ నది సాలగ్రామం మధ్యలో పెట్టి, ఈశాన్యంలో నర్మదా బాణలింగం, ఆగ్నేయంలో వినాయకుడికి ఎర్రటి శోణభద్ర శిల, నైరుతిలో సూర్యుడికి స్ఫటికం, వాయవ్యంలో అమ్మవారికి స్వర్ణముఖి శిల సర్ది చూపించాడు. అదే శివుడు మధ్యలో ఉంటే విష్ణువు ఈశాన్యానికి, సూర్యుడు ఆగ్నేయానికి, వినాయకుడు నైరుతికి మారతారు, అమ్మవారు మాత్రం వాయవ్యంలోనే.

ఐదుగురూ దేవుళ్లే కదా, మధ్యలో ఒక్కరే ఎందుకండీ అని ఊరికే కదిపాను. "మనసు ఒకచోట కుదరాలి కదా బాబూ. పక్కవాళ్లకి నైవేద్యం మానేయమని ఎవరన్నారు?" అన్నాడు, స్ఫటికం తుడుస్తూనే. ఋగ్వేదంలోనూ అంతే, అగ్ని సూక్తంలో అగ్నే గొప్ప, ఇంద్ర సూక్తంలో ఇంద్రుడే గొప్ప, ఒకరిని పొగిడేటప్పుడు ఇంకొకరు లేరని అనరు. వేదాల మీద పనిచేసిన జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ దీన్ని హెనోథీయిజం అంటూ పెద్ద చర్చే చేశాడు. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు ఒక మెట్టు పైకెళ్లి, శ్రద్ధగా వేరే దేవతలని కొలిచేవాళ్లూ కొలిచేది నన్నే, కాకపోతే పద్ధతి తప్పి అంటాడు. ఆ చివరి ముక్క మీద అమ్మకీ నాకూ ఇంకా వాదన నడుస్తోంది.

ఇంకోటి నచ్చింది. మా పక్కన నామం పెట్టుకున్న ఒకాయన అదే సెట్ అడిగితే, శ్రీవైష్ణవుల ఇళ్లలో పంచాయతన పూజ ఉండదు, ముందు మీ పెద్దల్ని అడిగి రండి అని పంపేశాడు. చేతికొచ్చిన బేరం వదులుకునే వ్యాపారి ఎక్కడ దొరుకుతాడు?

ఇక లోపాలు. దేనిమీదా రేటు రాసి ఉండదు, అడగందే బిల్లు ఇవ్వరు. శోణభద్ర శిల మరీ శనగగింజంత ఉంది, అభిషేకం నీళ్లతో పాటు కొట్టుకుపోతుందేమోనని రోజూ టెన్షన్. రాళ్లన్నీ ఒకే న్యూస్‌పేపర్లో చుట్టిచ్చారు, ఇంటికొచ్చేసరికి స్ఫటికం అంచు మీద గీత. కాస్త గుడ్డ తీసుకెళ్లండి, పళ్లెం కూడా లోతున్నదే అడిగి తీసుకోండి. కార్తీక మాసంలో సాయంత్రాలు మాత్రం అటు పోవద్దు, కాలు పెట్టే సందుండదు.