మొండెం బొమ్మకి నాలుగు స్టార్లు, జనాభా చార్టుకి ఒకటి

విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో స్కూళ్లకి సైన్సు సామాన్లు అమ్మే షాపు ఒకటుంది. పేరు రాయను. నేను చెప్పబోయే వాటిలో కొన్ని ఆ షాపాయనకి నచ్చవు, నేనేమో బీకర్లకీ లిట్మస్ కాగితాలకీ మళ్లీ అక్కడికే వెళ్లాలి.

పల్నాడులో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. 2024 జులైలో స్కూలు గ్రాంటు డబ్బుతో అక్కడ రెండు వస్తువులు కొన్నాను. ఒకటి నాకు: లోపలి అవయవాలు ఊడదీసి మళ్లీ పెట్టుకునే ప్లాస్టిక్ మనిషి బొమ్మ. తల, మొండెం ఉంటాయి, కాళ్లూ చేతులూ ఉండవు. 85 సెంటీమీటర్ల ఎత్తు, 7,200 రూపాయలు. రెండోది మా సోషల్ మాస్టారికి. "ఎలాగూ వెళ్తున్నారు కదమ్మా, ప్రపంచ జనాభా చార్టు కూడా ఒకటి పట్టుకురండి" అన్నారాయన. పైనా కిందా చెక్క కర్రలు బిగించి చాపలా చుట్టుకునేది, 320 రూపాయలు. ఏడాదిన్నర వాడాక రాస్తున్నాను. కొన్న వారంలో రాసి ఉంటే రెండింటినీ మెచ్చుకునేదాన్నేమో.

ముందు తెచ్చిన తీరు చెప్పాలి. డెలివరీ ఉందా అంటే "బస్సులో వేసుకుపోవచ్చు మేడమ్, బరువేం ఉండదు" అన్నాడు. బరువు లేదు, నిజమే. అట్టపెట్టె మూతే పడలేదు. సగం చర్మం, సగం మెదడు ఉన్న ఆ తల పైకి తొంగిచూస్తుండగా ఒళ్లో పెట్టుకుని నరసరావుపేట దాకా వచ్చాను. గుంటూరులో ఎక్కి పక్కన కూర్చున్న పెద్దావిడ కాసేపు చూసి, కొంగుతో దాని మొహం కప్పేసింది. కండక్టరు వచ్చి, "దీన్ని మనుషుల్లో లెక్కేయాలా, లగేజీలో లెక్కేయాలా మేడమ్?" అని నవ్వి, టికెట్ కొట్టకుండానే పోయాడు.

బొమ్మ సంగతి. పెట్టె మీద 23 ముక్కలు అని ఉంది, లెక్కపెడితే 22. కుడి మూత్రపిండం సగం ముక్క లేదు. ఫోన్ చేస్తే "అంబాలా మాలు మేడమ్, అక్కణ్నుంచే రావాలి" అన్నాడు. హర్యానాలోని అంబాలాలో ల్యాబు సామాన్లు తయారు చేస్తారని తెలుసుగానీ, సగం కిడ్నీ అక్కణ్నుంచి రావడానికి రెండు నెలలు పడుతుందని అప్పుడే తెలిసింది. వచ్చింది గులాబీ రంగులో ఉంది. పక్కదేమో ముదురు ఎరుపు. పిల్లలు దాన్ని "మార్పిడి చేసిన కిడ్నీ" అంటారు. సరే, అదీ ఒక పాఠమే అనుకుని వదిలేశాను.

నాకు ఒళ్లు మండింది మాత్రం రంగుల దగ్గర. గుండె నుంచి ఊపిరితిత్తులకి పోయే పుపుస ధమనికి ఎరుపు వేశారు. ధమని అంటే ఎరుపు, సిర అంటే నీలం అని బట్టీపట్టిన వాళ్లెవరో కుంచె పట్టుకున్నారన్నమాట. ఆ ఒక్క ధమనిలోనే కదా ఆక్సిజన్ తగ్గిన చెడు రక్తం పోయేది! పదో తరగతి పరీక్షల్లో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే. సైకిల్ షాపులో అడిగి మూతెడు నీలం ఎనామిల్ తెచ్చి, పుల్లకి దూది చుట్టి నేనే దిద్దాను. మంచి రక్తంతో తిరిగి వచ్చే పుపుస సిరలకి నీలం వేసి ఉంది, వాటిని ఎర్ర నెయిల్ పాలిష్‌తో సరిచేశాను. మీరు ఇలాంటిది కొంటే షాపులోనే గుండె తెరిపించి ఈ రెండు గొట్టాలూ చూడండి. ఇంకోటి, మూత్రపిండాలు రెండూ ఒకే ఎత్తులో పెట్టారు. మనిషిలో కుడివైపుది కాస్త దిగి ఉంటుంది, పైన కాలేయం ఉంటుంది కాబట్టి. దాన్ని నేను దిద్దలేను కదా. పదో తరగతి అమ్మాయి ఒకతె పుస్తకంలో బొమ్మ, ఈ బొమ్మ పక్కపక్కన పెట్టి చూసి పట్టుకుంది. ఆ రోజు బడి వదిలాక ఇంటికి నవ్వుకుంటూ వెళ్లాను.

ఇన్ని చెప్పి నాలుగు స్టార్లేంటి అంటారేమో. చెప్తాను.

ఈ బొమ్మ వచ్చిన మొదటి రోజు తొమ్మిదో తరగతిలో బల్ల మీద పెట్టి, ముక్కలన్నీ ఊడదీసి, "మళ్లీ పెట్టండ్రా" అన్నాను. ఫస్ట్ ర్యాంకు పిల్లాడు ముందుకొచ్చాడు. పేర్లన్నీ గడగడా చెప్పాడు, పెట్టడం మాత్రం రాలేదు. ముందు పేగులు పెట్టేశాడు, తర్వాత కాలేయం ఎటు తిప్పినా పట్టలేదు. అంతా పెట్టి ఛాతీ మూత వేశాక చేతిలో అరచేతంత ముక్క మిగిలిపోయింది. క్లోమం, ప్లీహం కలిసి ఉన్న ముక్క. వాచీ విప్పి బిగించాక మర మిగిలినట్టు దాన్ని పట్టుకుని "ఇది లేకపోయినా మూత పడింది టీచర్" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు.

అప్పుడు వెనక బెంచీ వాడు లేచాడు. వాళ్ల నాన్నకి మా ఊళ్లో మాంసం కొట్టు ఉంది. ఆదివారం పొద్దున్నే కొట్లో ఉంటాడు, సోమవారం బళ్లో నిద్రపోతాడు. తెలుగులో దిక్కుమాలిన మార్కులు, సైన్సులోనూ అంతే. వాడు వచ్చి కాలేయం చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నట్టు ఊపి, "కార్జం కదా టీచర్, మనిషికి ఎంతుంటది?" అన్నాడు. కిలోన్నర దాకా ఉంటుందన్నాను. "మేకకి అరకిలో ఉంటే గొప్ప" అని, ఊపిరితిత్తులు ముందు పెట్టి, మధ్యలో గుండెకాయ, కింద జీర్ణాశయం వెనకగా ఆ మిగిలిపోయిన ముక్క, దాని మీద జీర్ణాశయం, పైన కార్జం కప్పి, ఆఖరున బోటి పెట్టి మూత వేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. క్లోమం పేరు వాడికి తెలీదు. దాని చోటు తెలుసు. ఎడమ ఊపిరితిత్తి ఎందుకు చిన్నది అంటే "గుండెకాయకి చోటియ్యాలి గదా" అన్నాడు. పుస్తకంలో కుడివైపు మూడు తమ్మెలు, ఎడమవైపు రెండు అని ఉంటుంది, కారణం ఇంత తేలిగ్గా ఉండదు. ప్లీహం అనే మాట ఇంట్లో ఎవరికీ తెలీదు కాబట్టి, పాతకాలం వాళ్లు మలేరియా ముదిరితే "కడుపులో బల్ల పెరిగింది" అనేవాళ్లే, ఆ బల్ల ఇదే అని చెప్పాను. సాయంత్రానికి ముగ్గురు నానమ్మలకి ఆ కబురు చేరింది.

బొమ్మలో ఒక లోటుకి మాత్రం నేనే మందు కనిపెట్టుకున్నాను. పేగులు విడివిడిగా రావు, అంతా ఒకే ముద్ద. చిన్నపేగు ఆరు మీటర్ల పొడవుంటుందని చెప్తే పిల్లలు తలూపుతారు, నమ్మరు. ఇంట్లోంచి నా పాత నూలు చీర తెచ్చి వరండాలో పరిపించాను. ఆరు గజాల చీర అంటే అయిదున్నర మీటర్లు. "చిన్నపేగు దీనికంటే ఇంకో అర మీటరు ఎక్కువ" అనగానే అందరూ పొట్టల వైపు చూసుకున్నారు. ఒకమ్మాయి చీరని కుచ్చిళ్లు పెట్టుకుంటూ పోయి, గుప్పెట్లో పట్టేలా చేసి, "ఇట్టా మడతేసి పెట్టాడా టీచర్ దేవుడు?" అంది. దాదాపు అంతే. అప్పట్నుంచి ఆ చీర కూడా టీచింగ్ ఎయిడే.

ఇంకో మాట. దీనితోపాటు ఆడ, మగ జననావయవాల ముక్కలు విడిగా వస్తాయి, ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. "అవి బీరువాలో పెట్టండమ్మా" అన్నారు హెచ్ఎం గారు. రెండు వారాలు పెట్టాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే తీశాను. మొదటి పది నిమిషాలు గుసగుసలు, తర్వాత ప్రశ్నలు. ఫిర్యాదులేం రాలేదు.

ముక్కల పేర్ల పట్టిక ఇంగ్లీషులో ఒక్కటే ఇచ్చారు. తెలుగుది నేనే రాసి అతికించాను: స్వరపేటిక, వాయునాళం, ఉదరవితానం, క్లోమం, మహాధమని. అంకెల స్టిక్కర్లు మొదటి ఎండాకాలానికే రాలిపోయాయి. పెయింటుతో వేయించుకోండి.

ఇక చార్టు.

2024లో కొన్న చార్టు మీద ప్రపంచ జనాభా 7,000 మిలియన్లు, అంటే 700 కోట్లు, అని ఉంది. అది 2011 నాటి మాట. 2022 నవంబర్ 15కి 800 కోట్లు దాటామని ఐక్యరాజ్యసమితి లెక్క. చైనా ఒకటో స్థానం, మనం రెండు అని వేశారు. 2023లోనే మనం చైనాని దాటేశాం, 142 కోట్ల చిల్లరతో. షాపాయన్ని అడిగితే "లామినేషన్ కొత్తదే మేడమ్" అన్నాడు. నిజమే, లామినేషన్ కొత్తదే!

అంకెలన్నీ మిలియన్లలో ఉన్నాయి. మనం 1,210 మిలియన్లట. తొమ్మిదో తరగతి పిల్లలకి మిలియన్ అంటే పది లక్షలని చెప్పి, దాన్ని కోట్లలోకి మార్చి 121 కోట్లు అనిపించేసరికి సోషల్ మాస్టారి పీరియడ్ అయిపోయింది. తెలుగులో అచ్చేసిన చార్టులో కోటి అనే మాట వేయడానికి ఏం అడ్డొచ్చిందో. కోటి ఎంతో తెలియాలంటే చార్టు అక్కర్లేదు. సెకనుకి ఒకరి చొప్పున రాత్రీ పగలూ ఆపకుండా లెక్కపెడితే కోటి మందికి 115 రోజులు పైనే పడుతుంది. మన 142 కోట్లకి నలభై అయిదేళ్లు. మాస్టారు ఈ లెక్క బోర్డు మీద వేయగానే ఒకడు "మధ్యలో పుట్టినోళ్ల సంగతేంటి సార్" అన్నాడు. మంచి ప్రశ్న.

ఆ 121 కోట్లతో నాకు బంధుత్వం ఉంది. 2011 ఫిబ్రవరిలో జనగణనకి ఎన్యూమరేటర్‌గా వేశారు నన్ను. 9వ తేదీ నుంచి 28 దాకా, బడయ్యాక సాయంత్రాలూ ఆదివారాలూ ఇంటింటికీ తిరిగాను. నా బ్లాకులో 588 మంది తేలారు. ఒకింట్లో ముసలాయన తన వయసు "ప్రకాశం బ్యారేజీ కట్టేటప్పటికి పెళ్లయింది" అని చెప్తే, అది 1957లో పూర్తయిందని పట్టుకుని లెక్క కట్టాను. ఇంకో ఇంట్లో ఇద్దరు పిల్లలని రాయించాక, గుమ్మం దాటుతుంటే ఊయల కదిలింది. "వాణ్ని కూడా రాయాలా అమ్మా, ఇంకా పేరే పెట్టలేదు" అంది తల్లి. పేరు లేకుండానే రాశాను. చార్టు మీద 1,210 అని లావు అక్షరాలతో చూస్తే నాకు ఆ ఊయల గుర్తొస్తుంది. ఆ తర్వాత 2021లో జరగాల్సిన జనగణన జరగనే లేదు, ఇప్పుడు 2027 అంటున్నారు. మళ్లీ మమ్మల్నే వేస్తారు, అది వేరే టెన్షన్.

చార్టు కింది భాగంలో "జనాభా విస్ఫోటనం" అని ఒక బొమ్మ. మనుషులు బస్సు టాపు మీద కూడా వేలాడుతుంటారు. పక్కనే ఎక్కువమంది పిల్లలున్న ఇంటి వాళ్లు ఏడుస్తూ, తక్కువమంది ఉన్న ఇంటి వాళ్లు నవ్వుతూ ఉంటారు. మా అమ్మ చిన్నప్పటి గోడల మీది బొమ్మ ఇది. సోషల్ మాస్టారు పిల్లల్ని ఇంట్లో అడిగి రమ్మన్నారు: మీ నానమ్మకి ఎంతమంది పిల్లలు, మీ అమ్మకి ఎంతమంది? 34 మంది పిల్లలు. నానమ్మలందరికీ కలిపి 163 మంది, అమ్మలందరికీ కలిపి 71. అంటే అయిదుగురికి దగ్గర నుంచి ఇద్దరికి వచ్చేశాం, ఒక్క తరంలో. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. జనాభా తరగకుండా ఉండాలంటే 2.1 కావాలి. నేను ఈ బడికి వచ్చినప్పుడు 312 మంది ఉండేవాళ్లు, ఇప్పుడు 137. అందరూ పుట్టక కాదులెండి, సగం మంది పసుపు రంగు బస్సులెక్కి ప్రైవేటుకి పోతున్నారు. అయినా ఖాళీ బెంచీల పైన, గోడకి వేలాడుతూ "విస్ఫోటనం" అని అరిచే ఆ చార్టుని చూస్తే నవ్వాలో ఏం చేయాలో తెలిసేది కాదు. పోయిన దసరా సెలవుల ముందు మాస్టారే దింపేశారు.

షాపు గురించి క్లుప్తంగా. సరుకు చూపించడంలో ఓపిక ఉంది, మంచినీళ్లు ఇస్తారు. జీఎస్టీ బిల్లు అడగందే ఇవ్వరు, ముందు తెల్లకాగితం మీద రాసిస్తారు, దాంతో గ్రాంటు ఆడిట్‌లో మీ పని అయిపోతుంది. ముక్కలు అక్కడే బల్ల మీద పోసి లెక్కపెట్టుకోండి, ఆయన మొహం మాడ్చుకున్నా సరే. బొమ్మ కొనండి. చార్టు కొనకండి. బోర్డు మీద ఈ ఏడాది అంకె సుద్దముక్కతో రాసుకుని, వచ్చే ఏడాది తుడిచి మళ్లీ రాసుకుంటే 320 రూపాయలు మిగులుతాయి.

చార్టుకి ఒక్క స్టారైనా ఎందుకంటే, దాని రెండు చెక్క కర్రలూ గట్టివి. ఇప్పుడు నా నూలు చీరని వాటికే చుట్టి బీరువాలో పెడుతున్నాం.