పెరట్లో పటింగ్ గ్రీన్: కింద కాంక్రీటా, కంకర–డస్టా?

హైదరాబాద్ చుట్టుపక్కల విల్లాల్లో కృత్రిమ పచ్చికతో పటింగ్ గ్రీన్ (గోల్ఫ్ బంతిని మెల్లగా కొట్టి, కప్పు అనే గుంటలోకి దొర్లించే జాగా) వేయించుకునేవాళ్లు ముందు అడిగేది పచ్చిక చదరపు అడుగు ఎంత పడుతుందని. అడగాల్సింది దాని కింద ఏం వేస్తారని. బంతి ఊరికే పక్కకి తిరగడం, వాన వెలిశాక నీళ్లు నిలవడం, రెండో ఏటికి అతుకు విచ్చుకోవడం చాలామట్టుకు అడుగు పరుపు తప్పులే. పచ్చిక పాడైతే తీసేసి ఇంకో చుట్ట పరుచుకోవచ్చు. పరుపు పాడైతే పని మళ్లీ మొదటికే వస్తుంది.

లెక్క కోసం 12 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు తీసుకుందాం. ఈ వెడల్పుకో కారణముంది. కృత్రిమ పచ్చిక ఇక్కడ 2 మీటర్ల, 4 మీటర్ల వెడల్పు చుట్టల్లో దొరుకుతుంది. 4 మీటర్లంటే 13 అడుగులు. గ్రీన్ 12 అడుగుల్లోపు ఉంటే అసలు అతుకే ఉండదు. 2 మీటర్ల చుట్ట కాస్త చవగ్గా వస్తుందని తీసుకుంటే నట్టనడుమ 25 అడుగుల అతుకు పడుతుంది, చాలా పట్లు (బంతిని దొర్లించే దెబ్బలు) దాన్ని దాటాల్సి వస్తుంది.

కంకర–డస్టు పరుపుకు 5 అంగుళాలు తవ్వి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (మట్టీ కంకరా కలవకుండా ఆపి, నీటిని మాత్రం దిగనిచ్చేది) పరిచి, రోడ్డు పనివాళ్లు వెట్ మిక్స్ అనే పొడి కలిసిన కంకర 4 అంగుళాలు, దానిపైన అంగుళం మందం క్రషర్ డస్టు (రాళ్లు పిండి కొట్టేచోట వచ్చే సన్నటి రాతిపొడి) వేస్తారు. దిమ్మిస అయ్యాక ఈ మందం తేలాలంటే 300 చదరపు అడుగులకు కంకర 6 టన్నుల పైచిలుకు, డస్టు టన్నున్నర దాకా కావాలి. కంకరని రెండేసి అంగుళాల చొప్పున రెండు విడతలుగా పోసి, తడిపి, ప్లేట్ కాంపాక్టర్ (అదిరే ఇనుప పలకతో నేలని బిగించే మెషిన్) తిప్పాలి. ఒకేసారి 4 అంగుళాలు పోస్తే పైపొర బిగుసుకుంటుంది, కింద వదులు ఉండిపోతుంది. ఆ వదులు వానలకు దిగిపోతుంది, అదీ ఎక్కువగా కప్పు పక్కనే. కప్పు చుట్టూ మెషిన్ ఆనదు కాబట్టి అక్కడ చేతి దిమ్మిసతో ఓపిగ్గా కొట్టాలి, మేస్త్రీలు వదిలేసేది సరిగ్గా ఆ జానెడు చోటే. ఇక డస్టు బదులు ఇసుక వేస్తామంటే ఒప్పుకోకండి. పట్టు ఇచ్చే సన్నపొడి అందులో ఉండదు, అడుగేసిన చోటల్లా జరుగుతుంది.

కాంక్రీటైతే అదే 4 అంగుళాల మందానికి 100 ఘనపుటడుగులు. 1:1½:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) సిమెంటు 22 బస్తాల దాకా పడుతుంది. వాటం పోత పోసేటప్పుడే ఇవ్వాలి. ఆరాక "ఇటు కొంచెం దించు బాబూ" అంటే అయ్యే పని కాదు. కనీసం 1 శాతం వాలు, అంటే 12 అడుగులకు అంగుళంన్నర, లేకపోతే పచ్చిక అడుగున నీరు నిలిచి పాచి పట్టి వాసన కొడుతుంది. క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) పూర్తయి బాగా ఆరేదాకా పచ్చిక అంటించే జిగురు పెట్టకూడదు. లోపలి తేమ పైకొచ్చి పట్టు వదిలిస్తుంది.

కప్పు దగ్గర ఇంకో తిరకాసు. గోల్ఫ్ కప్పు వ్యాసం నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మి.మీ. చేతికందిన 110 మి.మీ. పీవీసీ పైపు ముక్కని కాంక్రీటులో నిలబెట్టి పోత పోసేస్తారు. 110 అనేది పైపు బయటి కొలత. లోపల అంత జాగా ఉండదు, కప్పు దిగదు. 140 పైపు పెట్టి, కప్పు దించి, చుట్టూ మాలుతో బిగించుకోవాలి. అడుగున నీరు దిగే దారి కూడా వదలాలి.

ఈ రెండింట్లో ఏది మేలంటే, ఎర్ర మొరం నేలైతే కంకర–డస్టే. వాన నీరు దిగుతుంది, సొట్ట పడితే పచ్చిక ఎత్తి గుప్పెడు డస్టు సర్దుకోవచ్చు, రెండేళ్లకి వాలు విసుగొస్తే మార్చుకోవచ్చు. నల్లరేగడిలో రెండూ కష్టమే. తడికి ఉబ్బి, ఎండకి బీటలిచ్చే నేల అది. కనీసం మరో అడుగు తవ్వేసి మొరం నింపి కొట్టాకే పైపని. ఆ నేలమీద పల్చటి కాంక్రీటు పలక పగిలిందంటే ఆ పగులు మెట్టు పచ్చిక పైకి తేలుతుంది.

కాంక్రీటు గెలిచేది రెండు చోట్ల. ఒకటి, పందికొక్కులున్న పెరడు. గోడ పక్కనుంచి బొరియ పెట్టి డస్టు కిందంతా గుల్ల చేస్తాయి. రెండోది తుంగ. గడ్డలు ఏరకుండా గుడ్డ పరిస్తే ఆ మొనలు గుడ్డనీ పచ్చికనీ పొడుచుకుని వస్తాయి. తుంగకి మందు కొట్టి, గడ్డలు తవ్వి తీసి, నెల ఆగి మళ్లీ చూసే ఓపిక లేనివాళ్లకి కాంక్రీటే దిక్కు.

పచ్చిక సంగతి ఇంత చిక్కు కాదు. అరంగుళం పోగున్న నైలాన్‌కి ఇసుక దాదాపు అక్కర్లేదు, బంతి దొర్లే వేగం తయారీలోనే నిర్ణయమై వస్తుంది, పోగు తొక్కిడికి తట్టుకుంటుంది. ధర ఎక్కువ. పాలీప్రొపిలిన్ పోగు అంగుళం దాకా ఉంటుంది, కొనలు మాత్రం కనిపించేలా గుండ్రటి సిలికా ఇసుక నింపాలి. చదరపు మీటరుకి 15 నుంచి 20 కిలోలు, మన గ్రీన్‌కి 50 కిలోల బస్తాలు పది దాకా. కొంచెం కొంచెంగా చల్లి, ప్రతిసారీ పోగుకి ఎదురు చీపురు కొట్టాలి. తడి ఇసుక ఒకేచోట గుమ్మరిస్తే పోగు పడుకునే ఉండిపోతుంది. కష్టపడి నింపితే వేగం మీ చేతుల్లో ఉంటుంది, ఇసుక పెంచి రోలర్ తిప్పితే బంతి ఇంకాస్త పరుగెడుతుంది. పట్లే కాక చిప్ షాట్లు (బంతిని కాస్త గాల్లోకి లేపి దగ్గర్లో పడేసే దెబ్బలు) కూడా కొట్టేవాళ్లు దీన్నే ఎంచుకోవాలి, బంతి పడ్డచోట కుదురుకుంటుంది. కాంక్రీటు మీద నైలాన్ వేసి చిప్ కొడితే బంతి ప్రహరీ దాటుతుంది. ఇసుక పచ్చికకి పిల్లుల బెడద ఒకటి, అది ముందే తెలిసి వేసుకోండి.

పరిచే రోజు చుట్ట విప్పి రెండు మూడు గంటలు ఎండలో వదిలితే ముడతలు సర్దుకుంటాయి. కంకర పరుపు మీద 5 అంగుళాల మేకులు అంచు వెంట అరడుగుకొకటి చాలు. నడుమ కొడితే ప్రతి మేకూ ఓ చిన్న గుంట. అద్దం కిటికీల ఎండ వెనక్కి కొట్టి సరిగ్గా గ్రీన్ మీద పడుతుంటే అక్కడ పోగు కరిగి జిగురెక్కుతుంది, పాలీప్రొపిలిన్ అయితే ఇంకా త్వరగా. ఆ కిటికీకి బయట తెర కట్టకుండా చుట్ట విప్పొద్దు.

పరుపు పరీక్ష మాత్రం పచ్చిక పరచక ముందే. డస్టు మీద నీళ్లు చల్లి ఎక్కడ మడుగు కడుతుందో చూడండి, అల్యూమినియం బద్ద ఆనించి కింద వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ సర్దించండి. కప్పు చుట్టూ మూడడుగుల్లో వాలు 2 శాతం దాటకూడదు. అంతా అయ్యాక వేగం చూడ్డానికి ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో కనిపెట్టిన పద్ధతే: గాడి ఉన్న పట్టీలో, నేలకానే కొస నుంచి 30 అంగుళాల దగ్గర చిన్న గంటు పెట్టి బంతి నిలిపి, పట్టీ రెండో కొసని నెమ్మదిగా ఎత్తాలి. సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి దానంతటదే జారుతుంది, నేలమీద ఎన్ని అడుగులు దొర్లితే అంత వేగం. గ్రీన్‌లో చదునుగా ఉన్న చోట మూడు బంతులు ఇటు, మూడు అటు. రెండు వైపులకీ అడుగుకి మించి తేడా వస్తే పోగు ఒకవైపు వాలి ఉందన్నమాట, ఇసుకా చీపురూ మళ్లీ పట్టించి ఆ తర్వాతే చివరి వాయిదా ఇవ్వండి.