లంకమలలో గోరంత పుట్టగొడుగు

అక్టోబరులో ముసురు వెలిసిన మూడో రోజున నేనూ మా అక్కా కడపలో దిగాం. లంకమల అంటే అందరికీ కలివికోడే గుర్తొస్తుంది. లేదనుకున్న ఆ పిట్ట 1986లో మళ్లీ కనిపించింది ఈ అడవుల్లోనే. మేం వెతుక్కుంటూ వచ్చింది మాత్రం ఎండుకొమ్మల మీద మొలిచే పుట్టగొడుగులను.

బస కడపలోనే పెట్టుకోండి. సిద్ధవటంలో మాకు తగిన గది దొరకలేదు. కడప బస్టాండు దగ్గర లాడ్జిలో గది శుభ్రంగా ఉంది కానీ, ఇస్తామన్న వేడినీళ్లు రెండు రోజులూ రాలేదు. డబ్బు తీసుకుని మాట తప్పడం నాకు నచ్చలేదు. వీధి చివర బండి మీద ఎర్రకారం దోసె కోసమైతే ఎన్నిసార్లయినా వెళ్తాను. పొద్దున్నే వేడిగా వేసి పెట్టారు.

సిద్ధవటం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఇది ఎర్రచందనం అడవి, పైగా అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, ఏదీ కోయకూడదు. తోడు వచ్చిన వాచర్ లేకపోతే మాకేమీ కనిపించేది కాదు.

రెండు గంటలు తిరిగాక ఆయన ఒక పడిపోయిన కొమ్మ దగ్గర ఆగాడు. బెరడు మీద బూడిద రంగు చిన్న చిన్న విసనకర్రలు. గోరంత వెడల్పు, పైన ఉన్నిలాంటి నూగు, కాడ లేదు. అంచులు లోపలికి ముడుచుకుని ఎండిన తొక్కల్లా ఉన్నాయి. అక్క సీసాలోంచి నాలుగు చుక్కలు చిలకరించింది. అరగంట కూర్చున్నాం. అంచులు మెల్లగా విచ్చుకున్నాయి. కిందికి వంగి భూతద్దం పెట్టి చూస్తే, గొడుగు అడుగున పలుచని రేకుల్లా ఉండే మొప్పలు ఒక్కొక్కటీ నిలువునా రెండుగా చీలి ఉన్నాయి. ఎండలో ఆ రెండు పాయలూ చెరోవైపు చుట్టుకుని బీజాలు పుట్టే భాగాన్ని కప్పేస్తాయి, తడి తగిలితే సర్దుకుంటాయి. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఈ చీలికే. దీని శాస్త్రీయ నామం స్కిజోఫిల్లం కమ్యూన్! అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉండే ఈ జీవిని ఇంత పొడి అడవిలో కళ్లారా చూసినప్పుడు నాకు మాట రాలేదు.

"ఇవి మా ఊళ్లో మామిడి మొద్దుల మీద కూడా ఉంటాయమ్మా" అన్నాడు వాచర్.

సాయంత్రం చినుకుల్లో ఆయన ఊరి మీదుగానే తిరిగొచ్చాం. ఒక ఇంటి ముందు నరికి పడేసిన మామిడి మొద్దు. దాని నిండా అవే, మేం నీళ్లు చల్లకుండానే విచ్చుకుని, లేత గులాబీ మొప్పలతో.