పుండుకి అతుక్కోని కట్టు: బ్యాక్టిగ్రాస్ వాడి చూశాక

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) లాగే కొక్కెం మోకాలి కింద గీరుకుపోయింది. పక్కు కట్టి రాలిపోవాల్సిన దెబ్బ, చీము పట్టి వారాల తరబడి మానలేదు. నేను హెచ్ఐవీకి మందులు వాడుతున్నవాణ్ణి. నాలాంటివాళ్లకి పనికొస్తుందనే ఈ కట్టు సంగతి రాస్తున్నా.

బ్యాక్టిగ్రాస్ అంటే పారఫిన్ పట్టించిన సన్నటి వల గుడ్డ. అందులో క్రిముల్ని చంపే మందు, 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది, అది పడనివాళ్లు వాడకూడదు. కాగితం ఒలిస్తే వేళ్లకి నెయ్యి రాసుకున్నట్టే. సెలైన్‌తో కడిగి, పుండు మేరకే కత్తిరించి వేసి, పైన పొడి గాజ్ గుడ్డ, ఆపైన బ్యాండేజీ.

అంతకుముందు మామూలు గాజ్ గుడ్డ తెల్లారేసరికి ఎండి అతుక్కుపోయేది. నానబెట్టి తీసినా, అప్పుడప్పుడే ఎర్రగా వస్తున్న కొత్త కండ దాంతోపాటే లేచొచ్చి నెత్తురు కారేది. ఇది మాత్రం అంచు పట్టుకుంటే జారినట్టు వచ్చేస్తుంది. కట్టు మార్చే పూట భయం పోయింది. ఒకచోట కట్టు కట్టేవాడు నా హెచ్ఐవీ మందుల కార్డు చూసి అందరి తర్వాత పిలిచాడు. వైద్యంలో మాపై వివక్ష చూపకూడదని 2017 చట్టం ఉందని అతనికి మొహం మీదే చెప్పాను. ఇప్పుడు మా ఆవిడే గ్లవ్స్ వేసుకుని ఇంట్లో కడుతోంది.

లోపాలూ ఉన్నాయి. చీము ఎక్కువ కారితే ఇది పీల్చుకోదు, పై గాజ్ గుడ్డ మందంగా పెట్టాలి. మన ఎండలకి జిడ్డు కారి లుంగీ మరకలవుతుంది. పుండు దాటి వేస్తే చుట్టూ చర్మం నాని తెల్లబడుతుంది.

అయినా కట్టొక్కటే పుండు మానుస్తుందనుకోవద్దు. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో డాక్టరమ్మ వైరల్ లోడ్ (నెత్తుట్లో వైరస్ లెక్క) కనపడనంత తక్కువుందని చూసి, "అన్నీ హెచ్ఐవీ మీదకి తోసేయకండి, షుగర్ చూపించుకోండి" అంది. మూడు నెలల సగటు పరీక్షలో షుగర్ బయటపడింది. చీమును, అందులో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్‌కి పంపాకే, దానికి లొంగే యాంటీబయాటిక్ రాశారు.

షుగర్ డాక్టరుకి మీ ఏఆర్‌టీ మాత్ర పేరు తప్పకుండా చెప్పండి. డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు వాడేవాళ్ల ఒంట్లో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మామూలు కంటే ఎక్కువ నిలుస్తుంది, అందుకే నాకు రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటనివ్వలేదు.

పుండు ఇప్పుడు అంగుళం లోపుకి వచ్చింది. చీము లేదు. కొత్తపేట మందుల షాపులో ఇంకో పెట్టె తెచ్చుకున్నాం.