ఎనిమిదేళ్లుగా కళ్ళల్లో లెన్సులు, గొడవంతా నీళ్లతోనే

ఉండేది విజయనగరం. పవర్ మైనస్ 5. డిగ్రీ రోజుల నుంచి, అంటే ఎనిమిదేళ్లుగా, నెలకోసారి మార్చే మెత్తటి సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు వాడుతున్నాను. మొదటిరోజు అద్దం ముందు ముప్పావుగంట తంటాలు పడుతుంటే మామ్మ గుమ్మంలోంచి చూసి, "ఏటమ్మీ, కంట్లో నలుసు పడితే తీసుకుంతారు గానీ, ఎవులైనా కావాలని ఎట్టుకుంతారేటి?" అంది. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

చూపు విషయంలో వంక పెట్టడానికి లేదు. పక్కలకి కూడా స్పష్టంగా కనిపిస్తుంది, వానలో స్కూటీ నడిపినా ఇబ్బంది లేదు. ఒక్కటి మాత్రం: కళ్ళజోడు చీటీ చూపించి అదే నంబరు లెన్సు కొనేయకండి. లెన్సు కనుగుడ్డు మీదే కూర్చుంటుంది కనక పెద్ద పవర్లకి నంబరు మారుతుంది. నా మైనస్ 5కి లెన్సు మైనస్ 4.75. కంటి వంపు కూడా కొలిపించుకోవాలి. పెళ్లిళ్లకని ఆన్‌లైన్‌లో రంగు లెన్సులు తెప్పించుకునేవాళ్లకీ ఇదే మాట. పవర్ లేకపోయినా కొలత తప్పదు. ఒకరివి ఒకరు పెట్టుకోవడం అసలే వద్దు.

మా ఇంట్లో బోరు నీళ్లు. తేటగా ఉంటాయి, తాగుతాం కూడా. అందుకని లెన్సుల డబ్బీని మూడేళ్లపాటు వాటితోనే కడిగాను. లెన్సులు నానబెట్టే పాత సొల్యూషన్ పారబోయడానికి మనసొప్పక, దాని మీదే నాలుగు చుక్కలు కొత్తది పోసేదాన్ని. పొదుపు!

అలా ఉండగా శ్రీకాకుళంలో పిన్ని కూతురి పెళ్లి. తెల్లవారుజామున ముహూర్తం. లెన్సులు తీయకుండానే కునుకు తీశాను. నల్లగుడ్డు మీది పొరకి, అదే కార్నియాకి, రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటుంది. రెప్ప మూసి, కింద లెన్సు కూడా ఉంటే ఇక దానికి ఊపిరేది? అలా పడుకుంటే ఇన్ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పిన సంగతి నాకు తరవాత తెలిసింది.

మర్నాటికి కుడికన్ను ఎర్రబడింది, వెలుతురు చూడలేకపోయాను. మందుల షాపులో చుక్కలు కొని రెండ్రోజులు వేశాను. అన్నిటికంటే పెద్ద తప్పు అదే. వాటిలో స్టెరాయిడ్ ఉంది, పుండుకి అది ఎరువు. కంటి డాక్టరుగారు రంగు వేసి నీలం వెలుతురులో చూసి, "అల్సర్ అమ్మా, డబ్బీ కూడా పట్టుకురా, పరీక్షకి పంపాలి" అన్నారు. గంటకోసారి యాంటీబయాటిక్ చుక్కలు, రాత్రి కూడా అలారం పెట్టుకుని. నాది బ్యాక్టీరియా. బోరు, కుళాయి, బావి, ఏ నీళ్లలోనైనా ఉండగల అకాంతమీబా అనే సూక్ష్మజీవి అయితే నెలల తరబడి వైద్యం అట. ఆవగింజంత తెల్లమచ్చ మిగిలింది. అంచున ఉంది కాబట్టి చూపు దక్కింది.

మళ్లీ లెన్సులు మొదలుపెట్టడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకున్నాకే ముట్టుకుంటాను. లెన్సుని అరచేతిలో సొల్యూషన్‌తో రుద్దుతాను, డబ్బీని కూడా దాంతోనే కడిగి బోర్లిస్తాను, మూడు నెలలకి పారేస్తాను. కొత్త లెన్సు రేకు విప్పిన తేదీ కేలండర్‌లో రాస్తాను, ఎందుకంటే నెల అంటే విప్పినప్పటి నుంచి ముప్పై రోజులు, పెట్టుకున్న రోజులు కావు. స్నానానికి ముందు తీసేస్తాను. కళింగపట్నం బీచ్‌కి కళ్ళజోడే. ఆవకాయ కలిపిన రోజు కూడా కళ్ళజోడే, ఆ కారం సబ్బుకి లొంగదు.

సాయంత్రానికి కళ్ళు పొడిబారడం మాత్రం ఎనిమిదేళ్లలో పోలేదు. రోజంతా కంప్యూటర్, పైన ఏసీ. లెన్సుల మీద వేసుకునే చుక్కలు గంటకి మించి పనిచేయవు. ఈ ఒక్కదానికీ అయిదులో ఒక మార్కు కోసేశాను.

పోయిన పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి దుమ్ము, జనం గుర్తొచ్చి కళ్ళజోడుతోనే వెళ్లాను. మూడు లాంతర్ల సెంటర్ దగ్గర తోపులాటలో ఎక్కడ పడిపోతుందో అని దానికి తాడు కట్టాను. మామ్మ చూసి, "ఇదేటే, ఎద్దుకి ముక్తాడేసినట్టు!" అని ఒకటే నవ్వు.