డ్రాక్యులా కుక్క సినిమా: చూడొచ్చు గానీ ఆశ తక్కువ పెట్టుకోండ్రి

‘జోల్తాన్, హౌండ్ ఆఫ్ డ్రాక్యులా’ 1970ల చివర్ల వచ్చిన సినిమా, ఆల్బర్ట్ బ్యాండ్ తీసిండు, ‘డ్రాక్యులాస్ డాగ్’ అని గూడ అంటరు. పేరు చూస్తేనే నవ్వొస్తది గానీ మొదలైతే మస్తుంటది. సోవియట్ సైనికులు బాంబులు పేలుస్తుంటే డ్రాక్యులా ఖాందాన్ సమాధి బయటపడ్తది, రాత్రి కాపలా ఉన్న సిపాయి శవపెట్టెల పడుకోబెట్టిన ఆకారానికి దిగిన కట్టె మేకును పీకుతడు (ఎందుకు పీకుతవ్ రా అయ్యా, నీకేం పని), అంతే, నల్లటి డాబర్‌మన్ లేస్తది.

అసలు కథ ఫ్లాష్‌బ్యాక్‌ల ఉన్నది. డ్రాక్యులా ఒక పిల్లను కొరకబోతుంటే ఈ కుక్క అడ్డమొస్తది, ఆయనకు కోపమొచ్చి గబ్బిలమై దీన్నే కొరుకుతడు. మంచి పని చేసినందుకు శిక్ష పడ్డది పాపం. ఇప్పుడు దానికి, దాని ఎంబడున్న నౌకరుకు యజమాని లేకుంటే బతుకు లేదు, ఆఖరి వారసుడు అమెరికాల ఉన్నడంటే అక్కడికి బయల్దేరుతరు. కుక్కకు రక్తం కంటే యజమాని ముఖ్యం అన్నది చాన మంచి ఆలోచన, కానీ డైరెక్టర్ దాన్ని అక్కడ్నే ఇడ్సిపెట్టి ఆ వారసుని ఫ్యామిలీ క్యాంపింగ్ చూపిచ్చుకుంట కూసున్నడు, నడిమిట్ల నిద్రొస్తది.

భయం సంగతి చెప్పాలంటే, కుక్క కండ్లకు మెరుపు పెట్టి ఎన్నిసార్లు క్లోజప్ ఏసినా నాకు బిస్కెట్ ఏద్దాం అనిపిచ్చింది గానీ భయం కాలే. మన హన్మకొండల సెకండ్ షో ఇడ్సినంక బండి మీద వస్తుంటే గల్లీ మలుపు కాడ నాలుగు కుక్కలు లేచి ఎనకపడ్తయ్ సూడు, కాళ్లు పైకెత్తి రేస్ ఇచ్చుడే, అది భయమంటే. సినిమాల ఆ భయం ఒక్క కాడనే దొరికింది: హీరో, హోసే ఫెర్రర్ ఏసిన ఇన్‌స్పెక్టర్ ఇద్దరు రాత్రి చిన్న షెడ్డుల తలుపేసుకుంటే బయట కుక్కలు గోళ్లతోని గీకుతుంటయ్. ఆ సీన్ కోసమైనా చూడాలె.

నౌకరు ఏషం ఏసిన రెగ్గీ నాల్డర్ మొకం చాలు, ఇంక మేకప్ అక్కర్లే. మైఖేల్ పటాకి డ్రాక్యులా, వారసుడు రెండూ ఆయనే, పర్వాలేదు. నన్నడిగితే కుక్కలే అందరికంటే మంచిగ చేసినయ్.

జంతువులతోని గుబులు పుట్టిచ్చుడు ఎట్లనో చూడాల్నంటే జర్మన్ డైరెక్టర్ హెర్జోగ్ తీసిన 1979 డ్రాక్యులా సినిమా ‘నోస్‌ఫెరాటు’ చూడుండ్రి. ఊరి చౌరస్తల ఎలుకలు పారుతుంటే జనం టేబుల్ ఏసుకొని తింటుంటరు, ఎవ్వడు అరవడు, ఒక్క ఎలుక మీద పడదు, అయినా కడుపుల తిప్పుతది. ఇగ గబ్బిలాలంటరా, రక్తం తాగే జాతులు మూడే, అవి గూడ మెక్సికో నుంచి కిందికి అమెరికా ఖండాలల్లనే ఉంటయ్, అవైనా పీల్చవు, చిన్నగ గాటు పెట్టి నాలుకతోని నాకుతయ్. మన చెట్లకు ఏలాడే పెద్దయి పండ్లు తినేటియే, వాటిని రాళ్లతోని కొట్టకుండ్రి.

జోల్తాన్‌కు నా మార్కులు అయిదుకు రెండున్నర. గంటన్నరే కాబట్టి దోస్తులతోని కూసొని మాటలు ఏసుకుంట చూస్తే టైమ్ పాస్ అయితది. ఇంట్ల కుక్కపిల్ల ఉన్నోళ్లు మాత్రం పిల్లల్ని పక్కన కూసోబెట్టుకోకుండ్రి, బొందపెట్టిన కుక్కపిల్ల మట్టి తోసుకొని బయటికొచ్చే సీనొకటి ఉన్నది.