ఆశ్రమంలో ఒక పూట భోజనం: ఏ పద్ధతికి ఎంత విలువ

పిల్లాడి పుట్టినరోజు, నాన్నగారి ఆబ్దికం, పెళ్లిరోజు... వీటిలో ఏదొచ్చినా మన ఊళ్లలో చాలామందికి ముందు తట్టేది దగ్గర్లోని పిల్లల ఆశ్రమంలోనో వృద్ధాశ్రమంలోనో ఒక పూట భోజనం పెట్టించడం. ఆశ్రమాలు కూడా అందుకు తగ్గట్టే రేట్ల పట్టిక రాసి ఆఫీసు గదిలో అతికిస్తాయి. టిఫిన్‌కి ఇంత, సాదా భోజనానికి ఇంత, స్వీటు, అప్పడంతో స్పెషల్ భోజనానికి ఇంత, రోజంతా అయితే ఇంత, శాశ్వత అన్నదానానికి ఇంత. దానమే అయినా రేటు కట్టి ఇస్తున్నది కాబట్టి దీన్నీ ఒక సేవలాగే తూచి చూడాలి. ఒక్కో పద్ధతిలో మనమిచ్చే డబ్బు ఎంతవరకు కంచంలోకి చేరుతుందన్నదే లెక్క.

మా అంచనా ముందే చెబుతాం. వారం మధ్యలో సాదా భోజనానికి 5కి 5. నెలనెలా ఇచ్చే చిన్న మొత్తానికీ అంతే. ఆదివారం స్పెషల్ భోజనానికి 2. ఫంక్షన్ హాల్లో మిగిలింది పంపడానికి 1, అదీ అన్ని జాగ్రత్తలూ తీసుకుంటేనే. పదివేలకే శాశ్వతం అని రాసిచ్చే పథకానికి సున్నా.

ఆదివారానికి అంత తక్కువ ఎందుకో తెలియాలంటే ఆశ్రమం వంటగదిలో వేలాడే క్యాలెండర్ చూడాలి. ఆదివారం గళ్లలో రెండేసి, మూడేసి పేర్లు ఇరికించి ఉంటాయి. జనవరి 1, ఆగస్టు 15 గళ్లలో పేరు రాయడానికి చోటుండదు. మంగళ, బుధ, గురువారాలు తెల్లగా ఉంటాయి. ఆదివారం పదకొండింటికి ఒక కుటుంబం కేకు, చిప్సు, కూల్‌డ్రింకులతో వస్తుంది. ఒంటిగంటకు ఇంకొకరు పెట్టించిన భోజనం. నాలుగింటికి మూడో కుటుంబం సమోసాలు, అరటిపళ్లతో దిగుతుంది. కేకు తిన్న పిల్లలు ఒంటిగంటకు పప్పన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతారు. వండిన అన్నంలో చాలాభాగం డేగిశాలోనే మిగిలిపోతుంది. బుధవారం వచ్చేసరికి అదే వంటగదిలో నీళ్ల చారు, మజ్జిగ. ఇచ్చేవాళ్ల మనసులో లోటేమీ లేదు, లోటంతా తేదీలోనే ఉంది. అందుకే బుక్ చేసేటప్పుడు "మా అబ్బాయి పుట్టినరోజు ఆదివారం పడింది, ఆ వారంలో మీకు ఖాళీగా ఉన్న రోజు ఏది?" అని అడగండి. ఆ రోజు వాళ్లే వండుకుని పెట్టుకునేలా డబ్బు కట్టండి. పిల్లాడికి అక్షింతలు ఆదివారమే వేసుకోవచ్చు.

సాదా భోజనం ఎంచుకుంటే రేటు సరైనదో కాదో మీరే లెక్క కట్టుకోవచ్చు. బడుల్లో మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వం పెట్టుకున్న కొలత దీనికి పనికొస్తుంది. 6 నుంచి 8 తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5 గ్రాములు. 50 మందికి బియ్యం ఏడున్నర కిలోలు, కందిపప్పు కిలోన్నర, కూరగాయలు సుమారు 3 కిలోల 750 గ్రాములు, నూనె 375 గ్రాములు అవుతాయి. దీనికి 50 గుడ్లు, పెరుగు కలిపి మీ ఊరి కిరాణా ధర వేసి చూడండి. హైస్కూలు దాటిన పిల్లలు ఉంటే బియ్యం పది కిలోల దాకా వేసుకోవాలి. ఇది కనీస కొలతే, విందు లెక్క కాదు. ఆశ్రమం చెప్పే రేటు సరుకుల ఖర్చు కంటే ఎక్కువుంటే మోసం అనుకోకండి. గ్యాసు, వంటమనిషి జీతం, అంట్లు తోమేవాళ్ల కూలి, కరెంటు ఆ రేటులో కలవాల్సిందే. రేటు మరీ తక్కువుంటేనే ఆరా తీయాలి. ఎందుకంటే వంటమనిషి జీతం ఇంకెవరో కడుతున్నట్టు లెక్క. ఆ ఇంకెవరో మానేసిన నెల వంట ఆగుతుంది. నెలనెలా ఆగకుండా వచ్చే చిన్న మొత్తానికి మేం 5 ఇచ్చింది అందుకే.

టిఫిన్‌ని చాలామంది పట్టించుకోరు. మధ్యాహ్న భోజనానికి దాతలు వరుసలో ఉంటారు, పొద్దున్న ఇడ్లీకి ఎవరూ రారు. బడి ఉన్న రోజు పిల్లలు ఎనిమిదిన్నరకే బయల్దేరతారు, దాత వచ్చి ఫొటో దిగే వీలుండదు కాబట్టి. ప్రభుత్వ బడికి వెళ్లే పిల్లలకు మధ్యాహ్నం తిండి బడిలోనే ఉంటుంది. వాళ్లకు నిజంగా కావాల్సింది పొద్దుటి టిఫిన్, రాత్రి భోజనం. వారం మధ్యలో మధ్యాహ్న భోజనానికి డబ్బు కట్టే ముందు ఆ ఒక్క ప్రశ్న వేయండి: పిల్లలు ఆ పూట ఇక్కడ తింటారా, బడిలో తింటారా?

ఇక ఫంక్షన్ హాల్లో మిగిలిన భోజనం. రిసెప్షన్ పదకొండింటికి ముగుస్తుంది. అప్పటికి ఆశ్రమంలో అందరూ పడుకుని ఉంటారు. ఆ అన్నం తెల్లారి టిఫిన్‌గా పెడితేనే ప్రమాదం. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి. మధ్యలో ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసన బాగానే ఉందని మోసపోయేది ఇక్కడే. ముందుగా పాడయ్యేవి కొబ్బరి చట్నీ, పెరుగన్నం, ఆలూ కుర్మా. పంపాలనే ఉంటే వడ్డన మొదలుకాకముందే ఒక పాత్ర పక్కన తీయించి, మూత పెట్టి, ఏడున్నరకల్లా ఆశ్రమానికి చేర్చండి. ముందురోజే వాళ్లకు ఫోన్ చేసి చెబితే ఆ పూట వంట మానుకుంటారు. చెప్పకుండా పంపితే రెండు వంటలూ వృథా. విస్తళ్ల పక్కన బకెట్లలో మిగిలినవి మాత్రం ఎవరికీ పంపకండి.

శాశ్వత అన్నదానం అనే మాటకు మన వాళ్లలో గొప్ప విలువ ఉంది. పేరు పలక మీద చెక్కుతారు, ఏటా ఆ తిథినాడు పెద్దాయన పేరు చదివి భోజనం పెడతారు. ఆలోచన మంచిదే. లెక్కలోనే తేడా వస్తుంది. భోజనం 60 రూపాయలు, పిల్లలు 50 మంది అనుకుందాం. ఒక పూటకు 3,000 కావాలి. బ్యాంకు డిపాజిట్ మీద 7 శాతం వడ్డీ వస్తే సుమారు 43,000 అసలు ఉంటేనే మొదటి ఏడాది 3,000 చేతికొస్తుంది. మీరు పదివేలు కడితే వడ్డీ 700, అంటే 11 మందికి భోజనం. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లకు అదే భోజనం 120 అవుతుంది. 43,000 కట్టినా వడ్డీ మాత్రం 3,000 దగ్గరే ఉంటుంది. అప్పుడు 25 మందికే సరిపోతుంది. ధరలతో పాటు భోజనం కూడా నిలబడాలంటే 7 శాతంలో 6 శాతాన్ని ఏటా అసలులోనే కలపాలి. మిగిలిన 1 శాతంతో 3,000 రావాలంటే 3 లక్షలు కట్టాలి. నిజాయితీగా నడిచే సంస్థ ఈ లెక్క మీ ముందు వేసి చూపిస్తుంది, లేదా "పదేళ్లకు" అని గడువు పెట్టి తీసుకుంటుంది. పదివేలకు ఆచంద్రతారార్కం అని రసీదు రాసిచ్చే చోట మీ డబ్బు వచ్చే నెల బియ్యానికే ఖర్చవుతుంది. ఆ బియ్యం పిల్లలే తింటారు, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ పదిహేనేళ్ల తర్వాత తద్దినం రోజు ఫోన్ చేస్తే "ఆ పథకం ఆపేశాం" అనే మాట వినాల్సి వస్తుంది.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన కాగితం ఒకటుంది. పిల్లల ఆశ్రమం ఏదైనా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదై ఉండాలి. ఆ నమోదు ఐదేళ్లకే. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్‌లో తేదీ చూడండి. గడువు దాటి ఉంటే పునరుద్ధరణకు దరఖాస్తు చేశారా అని అడగండి. అనుమానం ఉంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కనుక్కోవచ్చు. పాత పాస్‌బుక్కులూ ఫొటో ఆల్బమ్‌లూ ఈ కాగితానికి బదులు కావు.

రసీదు విషయంలో జరిగే పొరపాట్లు ఎక్కువ. పన్ను మినహాయింపు, అందరూ 80జి అనేది, సాధారణంగా ఇలాంటి సంస్థలకు ఇచ్చినదాంట్లో సగానికే వర్తిస్తుంది. 2,000 మించి నగదుగా ఇస్తే ఆ మొత్తానికి మినహాయింపు లేదు. బియ్యం బస్తాలు, దుప్పట్లు, సరుకుల రూపంలో ఇచ్చినదానికి అసలే లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఎటూ లేదు. మినహాయింపు కావాలంటే రసీదు ఒక్కటే చాలదు. సంస్థ మీ పేరు, పాన్ వివరాలను పన్ను శాఖ పోర్టల్‌లో దాఖలు చేసి, అక్కడి నుంచి వచ్చే సర్టిఫికెట్ ఇవ్వాలి. మార్చిలో కట్టి జులైలో పరుగెత్తే బదులు కట్టేరోజే పాన్ నంబరు రాయించండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు తెర మీద కనిపించే పేరు ట్రస్టు పేరే అయ్యుండాలి. నిర్వాహకుడి సొంత పేరు వస్తే డబ్బు పంపకుండా ఆగి, బ్యాంకు ఖాతా వివరాలు అడగండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు నాన్నమ్మ పేరిట డబ్బు పంపుతామంటారు. ఇక్కడ పాస్‌పోర్టు ఏ దేశానిదో చూడాలి. భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థే దాన్ని తీసుకోగలదు, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే. చిన్న ఆశ్రమాలు చాలావాటికి ఆ నమోదు ఉండదు. పొరపాటున తీసుకుంటే ఇబ్బంది పడేది ఆశ్రమమే. పిన్ని ఖాతాలో వేసి అక్కడి నుంచి మళ్లించడం కూడా దారి కాదు.

ఫొటోల మాట గట్టిగా చెప్పాలి. కంచాల ముందు కూర్చున్న పిల్లల మొహాలు వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టడం తప్పు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ చెబుతుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచి, ఆ పిల్లకు రేపు బడిలో తోటిపిల్లలు ఆ ఫొటో చూపిస్తారు. పొయ్యి మీద డేగిశా ఫొటో తీసుకోండి, నలుగురు చూసేందుకు అది చాలు. ఫొటోలు వద్దని బోర్డు పెట్టిన ఆశ్రమం కనిపిస్తే మా దృష్టిలో దానికి ఒక మార్కు అదనం.

ఒక్కరే ఇవ్వలేనిది నలుగురు కలిసి ఇవ్వడానికి మన దగ్గర రెండు మంచి పద్ధతులున్నాయి. మొదటిది పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు పక్క డబ్బాలో వేయడం. పిడికెడు సుమారు 50 గ్రాములు, రోజుకోసారి వండినా నెలకు కిలోన్నర. 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ నుంచి 60 కిలోలు పోగవుతాయి. ఇందులో వచ్చే చిక్కు వంటమనిషికే తెలుస్తుంది. ఒకరిది కొత్త బియ్యం, ఇంకొకరిది పాత సోనామసూరి, మరొకరిది రేషన్ బియ్యం. కలిపి వండితే కొత్తవి ముద్దైపోతాయి, పాతవి పలుకు మిగులుతాయి. ఆ బియ్యాన్ని అన్నానికి కాకుండా దోసె పిండికీ, రవ్వ పట్టించి ఉప్మాకీ వాడితే ఏ బాధా లేదు. నెలాఖరు దాకా ఆగకుండా పదిహేను రోజులకోసారి పోగుచేయండి. ముక్కపురుగు పట్టిన ఒక్క డబ్బా బస్తా మొత్తాన్ని పాడుచేస్తుంది.

రెండోది చదివింపులు. పెళ్లిలో, గృహప్రవేశంలో "చదివింపులన్నీ ఫలానా ఆశ్రమానికి" అని శుభలేఖలో ఒక్క వాక్యం వేస్తే వచ్చే మొత్తం చాలా పుట్టినరోజుల కంటే ఎక్కువ. కానీ బల్ల దగ్గర ఏర్పాటు సరిగా లేకపోతే గందరగోళమే. ఆశ్రమం సొంత రసీదు పుస్తకం, ట్రస్టు పేరిట ఉన్న క్యూఆర్ కోడ్ ముందురోజే తెప్పించుకోండి. బల్ల దగ్గర ఇద్దరు కూర్చోవాలి, ఒకరు రాయడానికి, ఇంకొకరు డబ్బు తీసుకోవడానికి. పేరు, ఊరు లేకుండా కవర్లు పోగేసి ఇవ్వకండి. ఎవరిచ్చారో చెప్పలేని విరాళాలు పరిమితి దాటితే ట్రస్టు వాటి మీద 30 శాతం పన్ను కట్టాలి. కవరు మీద పేరు లేకపోతే అక్కడే అడిగి రాయండి. "నూట పదహార్లకి రసీదెందుకమ్మా" అని బాబాయిలు వెళ్లిపోతుంటారు, వాళ్లనీ ఆపి పేరు, ఊరు రాసుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక పెళ్లివారి తరఫున ఒకరు, ఆశ్రమం తరఫున ఒకరు కూర్చుని నగదు లెక్కపెట్టి, రసీదు పుస్తకం చివరి పేజీలో మొత్తం వేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని, నగదు మర్నాడు ట్రస్టు ఖాతాలో జమచేసిన చలానాతో సరిచూసుకోండి.